సీటు కింద పెట్టలేని సామాను

నవంబరు 4, మంగళవారం

మదనపల్లె నుంచి ఇప్పుడే వచ్చాం. అబ్బా స్నానానికి వెళ్లారు. ఆ నీళ్ల చప్పుడు వినిపిస్తున్నంతసేపూ రాస్తాను.

డాక్టరు తెర మీద అబ్బా గుండెను చూపించాడు. రంగు మందు ఎక్కించి తీసిన ఫిల్ము అది. చెట్టు వేళ్లలాంటి నల్లటి రక్తనాళాలు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. మూడు చోట్ల మాత్రం వేరు సన్నబడి దారపు పోగులా ఉంది. డాక్టరు వాటిని పెన్నుతో చూపిస్తూ ఆపరేషను గురించి చెబుతున్నాడు. అబ్బా ఆ మాటలు వినడం లేదు. కుర్చీ అంచుకు జరిగి తెరనే చూస్తున్నారు.

"సార్, ఇది నాదేనా?"

"మీదే పెద్దాయనా."

"ఇన్నేండ్లూ ఇట్లనే కొట్టుకుంటా ఉండిందా, నేను సూడకపోయినా?"

డాక్టరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నేనూ తెరనే చూస్తున్నాను.

ఈ నెలలోనే చేయించాలన్నాడు. అక్కడి నుంచే తమ్ముడు సల్మాన్‌కు ఫోన్ చేశాను. వాడు అప్పుడే అన్నీ మాట్లాడేశాడు. అహ్మదాబాదులో వాళ్ల కంపెనీ వాళ్లు వెళ్లే ఆస్పత్రిలో పదిహేడున ఆపరేషను. పదిహేనున బెంగుళూరులో విమానం. విమానం ఎక్కొచ్చా అని డాక్టరును అడిగితే, కూర్చునే కదమ్మా పోయేది, ఎక్కొచ్చు అన్నాడు.

బస్సులో అబ్బా కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు. పుంగనూరు స్టాండులో దిగి, ఆటో మాట్లాడబోతుంటే అన్నారు.

"నేను యాడికీ రాను మా. బేగం గుడ్ల మీద కూర్చోనుండాది. పిల్లలు లేసేదాంక ఇల్లు ఇడిసేదానికి లేదు."

కోడి కోసం గుండె ఆపరేషను వద్దన్న మనిషి ఇంకెవరైనా ఉంటారా? అమ్మ పోయినప్పటి నుంచి ఆ కోడితో నాకంటే ఎక్కువ మాట్లాడతారు. వారం రోజులకోసారి కుప్పం నుంచి వచ్చిపోయే నేను ఎవరిని.

నీళ్ల చప్పుడు ఆగింది.


నవంబరు 5

అబ్బా బాగానే ఉన్నారు. నాకేం భయం లేదు.


నవంబరు 8, శనివారం

బేగం చనిపోయింది.

ఉదయం మేతకని గంపలోంచి లేచి బయటికొచ్చిందట. పెరటి గోడ దూకి కుక్క పట్టుకుంది. నేను పరుగెత్తేసరికి ఈకలే ఉన్నాయి. పెనుగులాటలో గంప తిరగబడి సగం గుడ్లు చితికిపోయాయి. అబ్బా నేల మీద కూర్చుని, బనియను పైకెత్తి, మిగిలినవాటిని ఒక్కొక్కటే పొట్టకు ఆనించి పెట్టుకుంటున్నారు.

"ఏం చేస్తున్నారబ్బా?"

"ఇంకా ఎచ్చగానే ఉండాయి."

ఆయన్ను లేపి లోపలికి తీసుకెళ్లాను. ఆయన పరుపులు కుట్టే అంగట్లోంచి దూది తెమ్మన్నారు. కొత్తది కాదు, బాగా ఏకింది. అట్టపెట్టెలో దూది పరిచి, గుడ్లు పెట్టి, పైన బల్బు వేలాడదీశారు. కాసేపటికొకసారి ఒక గుడ్డు తీసి కంటి రెప్పకు ఆనించి చూసుకుంటున్నారు. రెప్పకు తెలిసినంత వెచ్చదనం చేతికి తెలియదట. నేనూ చేసి చూశాను. నిజమే.

మధ్యాహ్నం అన్నం పెడుతూ అడిగాను.

"ఇప్పుడు కోడి లేదు కదబ్బా. ఇక పోదామా?"

"కోడి లేదు గాబట్టే పోయేదానికి లేదు."

అడక్కుండా ఉండాల్సింది.


నవంబరు 9

సల్మాన్ ఫోనులో నవ్వాడు. "గుడ్లకింత మర్యాదేంది ఆపా. ఆమ్లెట్ ఏసి పెట్టు, ఆయనే బయల్దేరతాడు."

నవ్వుకోనీ. మెట్లెక్కి వచ్చాక అబ్బా గోడ పట్టుకుని నిలబడేది వాడు చూడలేదు.

అబ్బా బాగానే ఉన్నారు.


నవంబరు 10, సోమవారం

సెలవు చీటీ ఇవ్వడానికి కుప్పం వెళ్లొచ్చాను. స్టాఫ్ రూములో స్వర్ణలతతో చెబితే తనూ నవ్వుతుందనుకున్నాను. సైన్సు టీచరు కదా, నవ్వలేదు. ఎన్ని రోజుల గుడ్లు అని అడిగింది. దీపావళి అయిన వారానికి పొదగేశారన్నాను. వేళ్లు మడిచి లెక్కపెట్టి, "అయితే మీరు విమానం ఎక్కేనాటికి అటూ ఇటూగా లేసేస్తాయే" అంది.

తర్వాత తను చెప్పింది ఇక్కడ రాసిపెట్టుకోవాలి. గుడ్డు మొద్దువైపు చిన్న గాలి గది ఉంటుందట. పిల్ల ముందుగా ఆ గది పొరను ముక్కుతో పొడుస్తుంది. మొదటి ఊపిరి అక్కడ, గుడ్డులోపలే తీస్తుంది. పెంకు పగలకముందే కూత మొదలుపెడుతుంది. లోపల ఉన్న ఒకటి కూస్తే పక్క గుడ్డులోంచి ఇంకొకటి పలుకుతుంది.

"వినపడతాదా?"

"చెవి పెడితే వినపడతాది. మా అమ్మమ్మ వినిపించింది నాకు."

ఇన్నేళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్నాను. లోకంలో నాకు తెలియని భాష ఒకటి మా పెరట్లోనే ఉందన్నమాట. వి.కోట మీదుగా వచ్చే బస్సులో కూర్చుని, దారి పొడవునా కోళ్లు కనిపించిన ప్రతిచోటా వాటినే చూస్తూ వచ్చాను.

చీకటి పడ్డాక కరెంటు పోయింది. అబ్బా పెట్టె మీద దుప్పటి కప్పబోతుంటే ఆపి, స్వర్ణలత చెప్పినట్టు ఫోను లైటు వేసి, ఒక గుడ్డును దాని మీద నిలబెట్టాను.

గుడ్డంతా ఎర్రగా వెలిగింది. పైన ఖాళీ గది. దాని అంచు నుంచి సన్నటి ఎర్రటి నరాలు. కింద నల్లటి ముద్ద. మేం చూస్తుండగా ఆ ముద్ద లోపలి నుంచి పెంకును ఒక తోపు తోసింది.

అబ్బా దుప్పటి పక్కన పడేసి వంగి చూశారు. తర్వాత, "ఆస్పత్రిలో తెర మీద నాది గూడా ఇట్లనే ఉండె" అన్నారు.

ఒక గుడ్డులో మాత్రం ఏమీ లేదు. వెలుతురు ఆ వైపు నుంచి ఈ వైపుకు వచ్చేసింది. దాన్ని పక్కన పెట్టాం. అయిదు మిగిలాయి.


నవంబరు 11

ఇవాళ అబ్బా మీద కోపం వచ్చింది. తర్వాత పోయింది.

చౌడేపల్లె నుంచి పాలు పోసే ఆదిలక్ష్మమ్మ సంగతంతా విని, "నా కోడొకటి పొదుగు మీద ఉండాదప్పా. ఈ అయిదూ దాని కిందేస్తా. మీరు నిమ్మళంగా పోయి రాండి. పిల్లల్ని మీవి మీకే ఇస్తా" అంది. దేవుడు పంపినట్టు వచ్చిందనుకున్నాను.

అబ్బా తల అడ్డంగా ఊపారు. "వద్దమ్మా. నీ కోడి తొక్కుడు కోడి. గుడ్లు చితకతొక్కేస్తాది."

"నా కోడిని నువ్వు యాడ సూసినావప్పా?"

"కూత వింటే తెలిసిపోతాది."

"చౌడేపల్లెలో కూస్తే పుంగనూరులో వినపడెనా నీకు?"

ఆమె నా వైపు చూసింది. పాలు పోసి వెళ్లిపోయింది. నేను గిన్నె పొయ్యి మీద పెట్టి, మంట వెలిగించకుండా నిలబడ్డాను. తిట్టాలనే వెనక్కి తిరిగాను. ఆయన పెట్టె పక్కన గోడకు ఆనుకుని, రెండు చేతులూ ఎద మీద అడ్డంగా పెట్టుకుని ఉన్నారు. చలికి ముడుచుకున్న పిల్లాడిలా ఉన్నారు.

"ఈడ్నించి ఈడిదాంక కోస్తారంట గదా మా" అన్నారు. గొంతు కింది నుంచి పొట్ట పైదాకా వేలితో గీసి చూపించారు. "ఎముకను రంపంతో కోస్తారంట. మసీదు కాడ రషీద్ చెప్పినాడు."

వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. చాలాసేపు బల్బు వెలుగులో ఆ అయిదింటినీ చూస్తూ కూర్చున్నాం.

"అబ్బా, వీటిని కూడా తీసుకుని పోదాం" అన్నాను.

"విమానంలోనా?"

"విమానంలోనే."

ఆయనకు ఇంకో సాకు దొరకలేదు. ఆయన నోరు మూయించడానికే అన్నాను ఆ మాట. అంతకుమించి నాకు గుడ్లతో ఏం పని.


నవంబరు 13

విమాన కంపెనీకి ఫోన్ చేశాను. తెలుగు కోసం నంబరు నొక్కితే ఒక అమ్మాయి ఎత్తింది.

గుడ్లు చేతిసంచిలో తీసుకుపోవచ్చా అంటే, "పగలకుండా ప్యాక్ చేసుకోండి మేడమ్, అవి పగిలితే మాత్రం మా బాధ్యత ఉండదు" అంది. పెంపుడు జంతువుల సంగతి అడిగాను. కుక్కలూ పిల్లులూ అయితే ముందుగా బుక్ చేసుకుని, పంజరంలో పెట్టి, పశువైద్యుడి చీటీతో రావాలి. కోళ్లు లేవు.

"అయితే గుడ్డులో పిల్ల ఉంటే? అది గుడ్డా, జంతువా?"

ఒక్క నిమిషం లైన్లో ఉండండి అంది. సంగీతం వచ్చింది. చాలాసేపు వచ్చింది. ఎవరెవరిని అడిగిందో మరి. తిరిగి వచ్చి, ఎంతో ఆలోచించి తీర్పు చెబుతున్నట్టు, "మేడమ్, గుడ్డు గుడ్డేనండి" అంది.

"ఒకవేళ దారిలో..."

"గుడ్డుగా ఎక్కితే చాలు మేడమ్." ఫోను పెట్టేస్తూ, "అవి బాగుండాలి మేడమ్" అంది.


నవంబరు 14

సంచులు సర్దాను. నాకేం భయం లేదు.


నవంబరు 15, శనివారం. బెంగుళూరు విమానాశ్రయం

విమానం ఆలస్యమట. ఎక్కడో పొగమంచు. మధ్యాహ్నం పోవలసింది సాయంత్రానికి పడింది. అబ్బా చక్రాల కుర్చీలో కునుకు తీస్తున్నారు. పెట్టె ఆయన ఒడిలో ఉంది. ఇంత పెద్ద హాలును నేనెప్పుడూ చూడలేదు. పైకప్పు ఎక్కడో ఉంది. లోపలే చెట్లున్నాయి. ఇంతమంది ఉన్నా ఎవరూ అరవడం లేదు. అద్దం అవతల విమానాలు పశువుల్లాగా ముక్కు ముందుకు పెట్టి నిలబడి ఉన్నాయి.

తెల్లవారుజామున పుంగనూరులో దూది తొలగించి చూస్తే ఒక గుడ్డు మీద నక్షత్రంలాంటి చిన్న పగులు. అబ్బా నన్ను పిలిచి చూపించారు. ఇక ఆగదు అన్నారు. ప్రయాణం ఆపుదామంటారేమోనని నేను ఆయన ముఖం వైపు చూడకుండా సంచులు కారులో పెట్టాను. ఆయనే పెట్టె పట్టుకుని వచ్చి కూర్చున్నారు. ముళబాగిలు దాటాక కారులో కూత వినిపించింది. చాలా సన్నగా. డ్రైవరు తన ఫోననుకుని తీసి చూసుకున్నాడు. మళ్లీ వినిపించింది. ఈసారి దానికి ఇంకొకటి బదులు పలికింది. స్వర్ణలత చెప్పింది నిజం.

సెక్యూరిటీ దగ్గర జరిగింది రాయాలి.

పెట్టెను బెల్టు మీద పెట్టమన్నారు. అబ్బా ఇవ్వలేదు. ఖాకీ బట్టల్లో ఉన్న ఆవిడ వచ్చి, ఏముంది ఇందులో అని హిందీలో అడిగింది. చదువుకునేటప్పుడు నేర్చుకున్నదే కాబట్టి నేను చెప్పగలిగాను.

"గుడ్లు."

"ఉడకబెట్టినవా?"

"కాదు. లోపల పిల్లలున్నాయి."

ఆవిడ మూత తీసి చూసింది. దూదిలో అయిదు గుడ్లు. అప్పుడే ఒకటి కూసింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. మా వెనక వరుస పెరుగుతోంది. ఎవరో విసుక్కున్నారు. ఎక్స్‌రే తప్పదు, రూలు అంది. కసురుకోకుండానే చెప్పింది. అవి చచ్చిపోతాయని అబ్బా పెట్టెను కడుపుకు అదుముకున్నారు. నేను ఇటు ఆయన్నూ అటు ఆవిడనూ చూస్తూ నిలబడ్డాను. చివరికి ఆయనే తనలో తాను తర్కించుకున్నట్టు, "నాకు గూడా తీసినారు గదా మా, ఎన్నోసార్లు. నేను సచ్చినానా?" అని పెట్టెను నా చేతికిచ్చారు.

బెల్టు కదిలింది. పెట్టె లోపలికి పోయింది. బెల్టు ఆగిపోయింది.

తెర ముందు కూర్చున్నతను పక్కవాణ్ని పిలిచాడు. వాడు వచ్చి వంగి చూశాడు. ఆవిడ కూడా వెళ్లింది. ముగ్గురూ తెరనే చూస్తున్నారు. ఏదో తప్పు చేశామనుకున్నాను. అప్పుడావిడ అటూ ఇటూ చూసి, నన్ను ఒక్క అడుగు ముందుకు రమ్మని సైగ చేసింది.

నారింజ రంగులో అయిదు గుండ్రాలు. ప్రతి గుండ్రంలో పెన్సిలుతో గీసినట్టు సన్నటి గీతలు. వెన్నెముక. మడిచిన కాళ్లు. కాళ్ల మధ్యకు వంచిన తల. ఒకదానికి ముక్కు కూడా కనిపించింది. ఆవిడ తన పిడికిలి ముడిచి నాకు చూపించింది, ఇట్లా ఉన్నాయి చూడు అన్నట్టు. ఆ పిడికిలిని కాసేపు అలాగే ఉంచుకుంది.

"రోజంతా చార్జర్లూ గొడుగులే చూస్తాం" అన్నాడు తెర ముందు కూర్చున్నతను.

వెనక విసుక్కున్న మనిషి కూడా మెడ చాచాడు. అవతలి వైపు అబ్బా కుర్చీలోంచి లేవబోతూ, "బతికుండాయా?" అని తెలుగులోనే అడిగారు. ఆవిడకు అర్థమైనట్టుంది. "ఒకటి కూస్తోంది బాబా" అని ఆయన చేతిలో పెట్టె పెట్టింది.

పిలుస్తున్నారు. మా విమానమే.


నవంబరు 16, ఆదివారం. అహ్మదాబాదు, సల్మాన్ ఇల్లు

నిన్నటిది ఇప్పుడు రాస్తున్నాను.

ఎడమవైపు కిటికీ సీటు అబ్బాది, మధ్యది నాది. నా పక్కన అహ్మదాబాదు బట్టల వ్యాపారి. అబ్బా పెట్టెను ఒడిలో పెట్టుకుని బెల్టు కట్టుకున్నారు. ఎయిర్ హోస్టెస్ వచ్చి, సామాను ఏదైనా సీటు కింద పెట్టాలండి అంది. తెలుగే. కోలారు వైపు అమ్మాయట. రేఖ అని పేరు రాసి ఉంది.

"కింద సల్లగా ఉంటాది తల్లీ" అన్నారు అబ్బా.

"విమానం లేచేటప్పుడు ఒడిలో ఏ వస్తువూ ఉండకూడదు బాబాయ్. కుదుపుకు ఎగిరి పడితే మీకే దెబ్బ."

ఆ అమ్మాయి చెప్పింది సబబే. నేను కింద చెయ్యి పెట్టి చూశాను. చల్లటి గాలి తగిలింది. అప్పుడు నేనేం చేశానో నాకే తెలియదు. గుడ్లను ఒక్కొక్కటే తీసి దుపట్టా మడతల్లో వేసుకుని, దాన్ని పొట్టకు చుట్టి, వెనక ముడి వేసుకున్నాను. దూది కూరిన ఖాళీ పెట్టెను సీటు కింద పెట్టాను. రేఖ అంతా చూస్తూనే ఉంది. వద్దంటుందనుకున్నాను. వంగి నా బెల్టును తానే సరిచేసి, పొట్ట కిందికి బిగించింది.

"ఇట్లా కట్టుకోవాలండి. గర్భిణులకు ఇట్లే కడతాం."

అని వెళ్లిపోయింది. నేను తల వంచుకున్నాను. అప్పుడు నాకేమనిపించిందో రాయను.

విమానం పరుగెత్తడం మొదలుపెట్టింది. ఆ వేగానికి వీపు సీటుకు అతుక్కుపోయింది. అబ్బా నా మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకున్నారు. పెదాలు కదులుతున్నాయి. నేల ఎప్పుడు వదిలిందో తెలియలేదు. చక్రాల మోత ఒక్కసారి ఆగిపోయింది, అంతే. కిందికి చూస్తే చెరువులు అద్దం ముక్కల్లా మెరుస్తున్నాయి. ఇళ్లు, రోడ్లు, తర్వాత అవీ లేవు, తెల్లటి చీకటిలాంటిది. అందులోంచి పైకి వచ్చాం.

"అబ్బా, కళ్లు తెరవండి."

తెరిచారు. కింద కనుచూపు మేరా మబ్బు. సాయంకాలపు ఎండ పడి, అంచులు ఎర్రబడి, గుట్టలు గుట్టలుగా, ఎక్కడా ఆగకుండా పరుచుకుని ఉంది. అబ్బా నుదురు అద్దానికి ఆనించారు. జీవితమంతా దూది ఏకి, పరుపులు కుట్టిన మనిషి.

"ఇంత దూది ఎవరు ఏకినారమ్మా" అన్నారు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో తెలియదు. బాగున్న దేన్నో చూస్తే కూడా వస్తాయి కదా.

అప్పుడు నా పొట్ట మీద కదిలింది. బట్ట మీంచి, చర్మం మీద, లోపలి నుంచి పొడిచినట్టు. బెల్టు దీపం ఆరిపోయేదాకా అరచెయ్యి దాని మీదే ఉంచి కూర్చున్నాను. తర్వాత ముడి విప్పాను. నక్షత్రం పడిన గుడ్డు చుట్టూ పగులు వలయంలా తిరిగి వచ్చింది. ఆ సందులోంచి ముక్కు కనిపిస్తోంది. పొడుస్తుంది, ఆగుతుంది. ఆగినప్పుడు ఎంతసేపు ఆగుతుందంటే, అయిపోయిందేమోననిపిస్తుంది. బట్టల వ్యాపారి నా భుజం మీదుగా చూస్తున్నాడు. ఉండలేక వేలు చాచి పెంకు ఒలవబోయాడు. అబ్బా ఆ చేతిని పట్టుకున్నారు.

"వద్దు సేఠ్. సాయం జేస్తే సచ్చిపోతాది. దానంతట అదే రావల్ల."

నేను హిందీలో చెప్పాను. ఆయన చెయ్యి తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

వెనక సీట్లవాళ్లు లేచి నిలబడ్డారు. ముందు సీట్లో చిన్నపాప మోకాళ్ల మీద వెనక్కి తిరిగి కూర్చుంది. ఎవరూ మాట్లాడడం లేదు. ఇంజను హోరు ఒక్కటే. కిటికీలోంచి వచ్చిన ఎర్రటి వెలుగు అబ్బా ముఖం మీద, నా చేతుల మీద, ఆ గుడ్డు మీద పడుతోంది. గుడ్డు ఒక్కసారి సాగినట్టు కదిలింది. మొద్దువైపు పెంకు టోపీలాగా పక్కకు ఒరిగింది. తడిసిన మెడ ఒకటి బయటికి వచ్చి, నా అరచేతిలో వాలిపోయింది. తర్వాత కాళ్లు. అంత చిన్న దానిలో అంత బలం ఎక్కడ దాగిందో. ఆయాసపడుతూ పడుకుంది. దాని ఒళ్లంతా ఊపిరే.

ఎంత ఎత్తులో ఉన్నామో నాకు తెలియదు. కింద ఏ ఊరో తెలియదు. ఏ కోడీ పిల్లను చేయని చోట అది పుట్టింది.

రేఖ ఎప్పుడు వచ్చి నిలబడిందో గమనించలేదు. మందలిస్తుందేమోనని, "ఫోన్‌లో అడిగే తెచ్చామమ్మా" అన్నాను. ఆమె వినలేదు. సీట్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని చూస్తోంది. లేచి వెళ్లి, సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి తెచ్చింది. "దీన్ని ఆనించి పెట్టండి బాబాయ్" అంది. తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "నాలుగేళ్లుగా ఎగురుతున్నా" అంది. ఆ మాట పూర్తి చేయలేదు.

విమానం దిగేటప్పుడు అబ్బా నా చెయ్యి పట్టుకోలేదు. ఆయన రెండు చేతులూ పిల్ల చుట్టూ ఉన్నాయి.

సల్మాన్ బయట ఎదురుచూస్తున్నాడు. నవ్వడానికి సిద్ధంగా ఉన్నట్టే కనిపించాడు. అబ్బా తువ్వాలు తొలగించి చూపించారు. ఆరిన పిల్ల పచ్చగా, ఉబ్బిన పూవులా కూర్చుని ఉంది. సల్మాన్ నవ్వలేదు. "ఎప్పుడు లేసింది?" అన్నాడు. "మబ్బుల పైన" అన్నారు అబ్బా. సల్మాన్ నా సంచి అందుకోవడం మరిచిపోయి, అబ్బా కుర్చీ పక్కనే వంగి నడిచాడు.

ఇవాళ ఉదయం ఇంకో రెండు లేచాయి. మిగిలిన రెండూ పలకలేదు. అబ్బా వాటిని రెప్పకు ఆనించి చూసి, పక్కన పెట్టి, సల్మాన్‌ను పిలిచి కుండీ మట్టిలో పూడ్చమన్నారు.

మధ్యాహ్నం ఆస్పత్రిలో చేర్చాం. చేర్చుకునే డాక్టరు ఏవైనా సందేహాలున్నాయా అని అడిగితే అబ్బా లేవన్నారు. రంపం మాట ఎత్తలేదు.


నవంబరు 17

లోపలికి తీసుకెళ్లారు.

నాకు భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. ఇన్ని రోజులూ ఉంది.


అదే రోజు, తర్వాత

అయిపోయింది. బాగా జరిగిందట. సర్జను బయటికి వచ్చి చెప్పాడు. నడివయసు మనిషి. ముఖం మీద మాస్కు పట్టీల అచ్చులున్నాయి. కుట్లు వేయాలంటే గుండె కదలకూడదు కాబట్టి మందు ఇచ్చి, చల్లబరిచి, దాన్ని ఆపేస్తారట. అంతసేపూ ఒక యంత్రం ఒంట్లో రక్తాన్ని తిప్పుతుంది.

ఆపేస్తారని నాకు తెలియదు. అంతసేపూ అబ్బా గుండె ఆగి ఉంది. నేను ఇక్కడ కుర్చీలో కూర్చుని సల్మాన్‌తో టీ గురించి మాట్లాడుతున్నాను.

"మళ్లీ మీరెట్లా కొట్టిస్తారు?" అని అడిగాను.

"కొందరికి చిన్న షాకు ఇవ్వాల్సి వస్తుంది. మీ నాన్నగారికి అదీ అక్కర్లేకపోయింది. రక్తనాళానికి వేసిన బిగింపు తీసి, వెచ్చటి రక్తాన్ని లోపలికి వదిలాం. కాసేపు వణికింది. తర్వాత కొట్టుకోవడం మొదలుపెట్టింది."

"ఎవరూ ఏమీ చేయకుండానా?"

"ఎవరూ ఏమీ చేయకుండానే."

వెళ్లబోయి ఆగాడు. నేను ఇంకేదో వినాలనుకుంటున్నానని అనుకున్నాడో, తనకే చెప్పాలనిపించిందో.

"కొన్ని వేలసార్లు చూశానమ్మా. ఆ కాసేపు మాత్రం గదిలో ఎవరం మాట్లాడం. అదేం నియమం కాదు. మాట రాదు, అంతే."


నవంబరు 18

గాజు తలుపు అవతలి నుంచి చూశాను. నిద్రలో ఉన్నారు.


నవంబరు 20, గురువారం

ఇవాళ అబ్బాను మంచం అంచున కూర్చోబెట్టారు. ఎద మీద ఆనించుకుని దగ్గమని నర్సు ఒక చిన్న దిండు ఇచ్చింది. దగ్గితే కుట్లు లాగుతాయి, దిండు అదుముకుంటే నొప్పి తక్కువట. అబ్బా దిండును వేళ్లతో నొక్కి చూశారు. అటు తిప్పి, ఇటు తిప్పి, కుట్టు దగ్గర గోరుతో గీకి చూశారు.

"ఇది దూది గాదు మా. స్పాంజి" అన్నారు. ఆపరేషను తర్వాత నాతో అన్న మొదటి పూర్తి మాట అదే.

నర్సు ఏమన్నారని అడిగింది. దిండు బాగుందంటున్నారన్నాను.

దగ్గడానికి వంగలేక తడబడుతుంటే నేను పక్కన కూర్చుని వీపుకు చెయ్యి ఆనించాను. చిన్నప్పుడు జ్వరం వస్తే ఆయన నాకు ఇట్లాగే పట్టేవారేమో, గుర్తులేదు. ఒళ్లు చాలా తగ్గింది. చొక్కా కింద ఎముకలు తగులుతున్నాయి. ఒకసారి దగ్గారు. రెండోసారి దగ్గారు. కళ్లు మూసుకుని, తల నా భుజం మీద వాల్చారు.

అరచెయ్యి అక్కడే ఉంచాను. లోపల అది కొట్టుకుంటోంది. ఒకటి, మళ్లీ ఒకటి. కిటికీలోంచి ఎండ పడుతోంది. పక్క మంచం దగ్గర ఎవరో నారింజపండు ఒలుస్తున్నారు. నర్సు వచ్చి చాలమ్మా, పడుకోబెడదాం అంది.

ఇంకొక్క నిమిషం అన్నాను.